ఖాళీ అయ్యే తేదీ ముందే తెలిసిన కుర్చీ

మా బాబాయి ఇంట్లో అటక మీద ఒక ఖాళీ విత్తనాల సంచి ఉంది. నాలుగు మడతలు పెట్టి, పాత తువ్వాలులో చుట్టి, పురికొసతో కట్టి దాచాడు. సంచి మూతికి కుట్టిన ట్యాగు ఊడిపోకుండా మా పిన్ని నల్లదారంతో మళ్ళీ నాలుగు కుట్లు వేసింది. ట్యాగు మీద లాటు నంబరు, పరీక్ష చేసిన తేదీ, మొలక శాతం, జన్యు స్వచ్ఛత శాతం అచ్చువేసి ఉంటాయి. ఆ అంకెలు ఇప్పుడు వెలిసిపోయి, కిటికీ దగ్గర పట్టుకుంటే గానీ కనబడటం లేదు. సంచి పారేయొద్దని చెప్పింది నేనే. "కేసు తేలేదాకా ఉంచు బాబాయ్" అన్నాను. ఆ మాట అన్నది 2019లో.

ఆ ఏడు దాళ్వాకి, అంటే రెండో పంటకి, బాబాయి నాలుగెకరాలు వరి ఊడ్చాడు. రెండు సొంతం, రెండు కౌలు. 1121 రకమని బిల్లు మీద రాసి ఇచ్చిన విత్తనం. నారు బాగానే వచ్చింది, దుబ్బు కట్టింది, ఎవరికీ అనుమానం రాలేదు. తీరా ఈనే వేళకి చేలో సగం కంకి బయటికొచ్చింది, సగం ఇంకా పొట్ట మీదే ఉంది. మధ్యమధ్యలో మిగతావాటికంటే జానెడు ఎత్తున మొక్కలు. వాటినే కేళీలంటారు. పదో ఇరవయ్యో అయితే పీకి గట్టున పడేస్తాం. చేను నిండా అవే ఉంటే ఏం పీకుతాం? ముందు ఈనినవి పండి గింజ రాలిపోతుంటే వెనకవి అప్పుడే పాలు పోసుకుంటున్నాయి. కోత ఏ రోజు పెట్టుకున్నా ఏదో ఒకటి పోతుంది. ఎకరానికి 45 బస్తాలు వస్తాయనుకున్న చేను 27 దగ్గర ఆగింది. కౌలు మాత్రం తగ్గలేదు.

వ్యవసాయాధికారి ఏవో గారు శాస్త్రవేత్తని వెంటబెట్టుకుని వచ్చి, చేలో నాలుగైదు చోట్ల మొక్కలు లెక్కపెట్టించి రిపోర్టు రాశారు. కంపెనీ వాళ్ళు వాతావరణం అన్నారు, ఎరువులు ఎక్కువేశారన్నారు. జూన్‌లో కన్స్యూమర్ ఫోరంలో ఫిర్యాదు వేశాం. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను, లా చదివినదాన్ని కాదు. ప్లీడరు లేకుండా వేసుకోవచ్చని, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదని తెలుసుకుని తెలుగులోనే రాశాను. బాబాయి వేలిముద్ర వేసే మనిషి కాదు, సంతకం చేస్తాడు. ప్రతి పేజీ కిందా మూడు మూడు నిమిషాలు తీసుకుని చేశాడు.

విత్తనం గొడవ విత్తన చట్టం కిందికి వస్తుంది, కన్స్యూమర్ కోర్టుకి సంబంధం లేదన్నది కంపెనీ మొదటి అభ్యంతరం. అది నిలవలేదు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద ఆంధ్రప్రదేశ్ రైతులే నడిపిన కేసుల్లో 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ముడి విప్పేసింది. రైతు కూడా వినియోగదారుడే. విత్తనం ల్యాబ్ పరీక్షకి పంపలేదని అతని నోరు నొక్కలేరు, ఎందుకంటే కొన్న విత్తనమంతా చల్లేసుకునే రైతు రేపు కోర్టులో చూపించాలని గుప్పెడు దాచుకోడు. తీర్పులో ఆ భాగం చదివినప్పుడు, చేలో దిగిన కాళ్ళ గురించి తెలిసినవాళ్ళే రాసినట్టనిపించింది నాకు. కాబట్టి కేసు మీద మాకు బెంగ లేదు. రిపోర్టుంది, బిల్లుంది, సంచి ఉంది, సుప్రీంకోర్టు తీర్పుంది.

2020 సంక్రాంతి వెళ్ళాక వాదనలు పూర్తయ్యాయి. "ఆర్డర్స్‌కి పోస్టయిందమ్మా, ఇంక మీరు రానక్కర్లేదు" అన్నారు బెంచి క్లర్కు. అంటే ఇక తీర్పు చెప్పడమే మిగిలింది. బాబాయి ఆ రోజు బస్టాండులో నాకు బలవంతంగా పూతరేకులు కొనిపెట్టాడు.

తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. అది ఎవరి తప్పూ కాదు. కానీ తలుపులు మళ్ళీ తెరిచి మేం వెళ్ళేసరికి బెంచి మీద మనుషులు లేరు. మా వాదన విన్న ఇద్దరిలో సభ్యురాలి పదవీకాలం ఈలోగా అయిపోయింది. కొన్ని నెలలకే ప్రెసిడెంటు గారికి 65 నిండాయి. హాలు తలుపు మీద తెల్లకాగితం అంటించి ఉండేది: కోరం లేనందున కేసులన్నీ వాయిదా. తేదీ ఉన్నచోట కొట్టేసి నీలం పెన్నుతో కొత్త తేదీ, దాన్నీ కొట్టేసి పక్కన ఇంకోటి. కాగితం మార్చేవారు కాదు. మూడోసారి చూసినప్పుడు రాయడానికి చోటు లేక అంచున నిలువుగా రాశారు.

ఆ రోజు తిరుగు బస్సులో బాబాయి అడిగాడు. "ఆయన రిటైరవుతాడని వీళ్ళకి ముందు తెలీదా అమ్మాయ్? ఉద్యోగంలో చేరిన రోజే రాసుంటది కదా?"

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

నా సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో నా పుట్టినరోజు ఉంది. దాన్ని బట్టి నేను ఏ నెలాఖరున రిటైరవుతానో నేను చేరిన రోజు నుంచీ లెక్కకట్టుకోవచ్చు. ఎవరైనా హఠాత్తుగా పోతే, రాజీనామా చేస్తే, అది అనుకోని ఖాళీ. వయసు నిండటం, పదవీకాలం ముగియడం అనుకోనివి కావు. జిల్లా కమిషన్‌లో (మేం ఫిర్యాదు వేసిన ఫోరానికి కొత్త చట్టంలో పేరు అది) ప్రెసిడెంటు, సభ్యులు ఎప్పటిదాకా ఉంటారో నియామక ఉత్తర్వులోనే ఉంటుంది. రాష్ట్రం మొత్తం మీద రాబోయే నాలుగేళ్ళలో ఏ కుర్చీ ఏ తేదీన ఖాళీ అవుతుందో ఒక గుమాస్తా ఒక పూట కూర్చుంటే ఒక ఠావు మీద రాసెయ్యగలడు. గోదావరి కాలవలు ఎప్పుడు కట్టేస్తారో ముందే చెబుతారు. దాన్నిబట్టే మేం నారుమడి పోస్తాం, దాన్నిబట్టే రకం ఎంచుకుంటాం. తేదీ తెలిసీ నారు పోయని రైతుని ఎవరూ దురదృష్టవంతుడనరు.

చట్టంలో ఈ కుర్చీల బలం ఏమిటో చాలామందికి తెలియదు. 1986 చట్టమైనా, 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 చట్టమైనా, జిల్లా స్థాయిలో విచారణ అంటే ప్రెసిడెంటు, కనీసం ఒక సభ్యుడు కలిసి కూర్చోవాలి. ఒక్కరే కూర్చుంటే కుదరదు. మామూలు సివిల్ కోర్టులో జడ్జి బదిలీ అయితే ఇంకో జడ్జి వస్తాడు, వెనకాల ఒక సర్వీసు ఉంది, ఒక హైకోర్టు ఉంది. ఇక్కడ ఆ వెనక బలగం లేదు. మనిషి వెళ్ళిపోతే ఆ కుర్చీకి ప్రకటన ఇవ్వాలి, దరఖాస్తులు పిలవాలి, ఎంపిక కమిటీ కూర్చోవాలి, ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. అందులో ఒక్కటి ఆలస్యమైనా కింద పనంతా ఆగుతుంది. నోటీసు అందిన 3 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలి, సరుకు పరీక్ష అవసరమైతే 5 నెలల్లో అని అదే చట్టం చెబుతుంది. మనిషి లేని బెంచికి ఆ గడువు ఎలా వర్తిస్తుంది?

ఖాళీ ఉన్నప్పుడు పక్క జిల్లా కమిషన్‌కి బాధ్యత అప్పగించే వీలు కొత్త చట్టం 32వ సెక్షన్‌లో ఉంది. మా స్కూళ్ళలో ఎఫ్ఏసీ అంటాం దాన్ని. హెడ్మాస్టరు రిటైరైతే పక్క స్కూలు హెడ్మాస్టరుకి అదనపు బాధ్యత ఇస్తారు. జీతాల బిల్లులకి సరిపోతుంది. పిల్లలకి పాఠం చెప్పడానికి సరిపోదు. తన సొంత జిల్లా కేసులే నెత్తిమీద ఉన్న మనిషి వారానికి ఒకటి రెండు రోజులు వచ్చి ఇక్కడి దస్త్రాలు ఎన్నని తిరగేస్తారు?

మా ఊళ్ళో పెద్దవాళ్ళకి ఈ సంగతి చెప్పాలంటే లస్కరు మాట చెప్తాను. కాలవ నిండా నీళ్ళున్నా, తూము తలుపు ఎత్తే లస్కరు లేకపోతే శివారు చేలకి చుక్క రాదు. ఎగువన ఉన్నవాడు ఎలాగో కాలవకి గండి పెట్టుకుని తోడుకుంటాడు, దెబ్బతినేది శివారు రైతే. కన్స్యూమర్ కోర్టుకి వచ్చేది శివారు మనుషులే. డబ్బున్నవాడికి సివిల్ కోర్టుంది, హైకోర్టుంది, కంపెనీతో మాట్లాడి పెట్టే బంధువుంటాడు. క్లెయిము తిప్పికొట్టిన ఇన్సూరెన్సు పాలసీ పట్టుకుని, వారంటీ లోపల చెడిపోయిన మోటారు పట్టుకుని, కేళీల చేను ఫొటోలు పట్టుకుని వచ్చేవాడికి ఈ తలుపు ఒక్కటే.

పదవీకాలం ఎంత ఉండాలన్న గొడవ పైకి చూస్తే రిటైరైన జడ్జీల సొంత విషయంలా కనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. "వాళ్ళకి నాలుగేళ్ళైతే ఏంటి, ఐదేళ్ళైతే ఏంటి" అనుకున్నాను. తీర్పులు ఒక్కొక్కటీ చదువుతుంటే తెలిసింది, అది బాబాయి విషయమని.

పాత చట్టంలో జిల్లా సభ్యులకి ఐదేళ్ళు లేదా 65 ఏళ్ళ వయసు, ఏది ముందైతే అది. 2020 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనలు దాన్ని నాలుగేళ్ళకి కుదించాయి. 65 ఏళ్ళ హద్దు అలాగే ఉంది. అప్పటికే సుప్రీంకోర్టు ట్రైబ్యునళ్ళ విషయంలో, అంటే కన్స్యూమర్ కోర్టులాగే ఒక్కో రకం తగాదా వినడానికి పెట్టిన ప్రత్యేక వేదికల విషయంలో, చెప్పాల్సింది చెప్పింది. 2019 నవంబరులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం, రోజర్ మాథ్యూ కేసులో, 2017 నాటి ట్రైబ్యునల్ నిబంధనలను కొట్టేస్తూ మరీ పొట్టి పదవీకాలాన్ని తప్పుపట్టింది. 2020 నవంబరులో మద్రాస్ బార్ అసోసియేషన్ కేసులో మన తెలుగువారైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు నాయకత్వంలోని ధర్మాసనం ఐదేళ్ళు ఉండాలని స్పష్టంగా చెప్పింది. 2021లో కేంద్రం ఆర్డినెన్సుతో మళ్ళీ నాలుగేళ్ళు చేసింది. ఆ జులై 14న కోర్టు దాన్ని కొట్టేసింది. నెల తిరక్కుండానే, ఆగస్టులో, అదే నాలుగేళ్ళు ట్రైబ్యునళ్ళ సంస్కరణల చట్టమై పార్లమెంటులో నెగ్గింది. ఢిల్లీలోని జాతీయ వినియోగదారుల కమిషన్ ఆ చట్టం కిందికే వస్తుంది. 2025 నవంబరు 19న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయ్ ధర్మాసనం ఆ చట్టంలోని ఈ భాగాలనూ కొట్టేసింది. కోర్టు ఒకసారి రాజ్యాంగ విరుద్ధమని తేల్చినదాన్ని, లోపం సరిదిద్దకుండా, పేరు మార్చి మళ్ళీ తేవడం కుదరదన్నది ఆ తీర్పు సారం. నాలుగు నెలల్లో జాతీయ ట్రైబ్యునళ్ళ కమిషన్ ఏర్పాటు చేయాలని కూడా ఆదేశించింది.

జిల్లా, రాష్ట్ర కమిషన్లది వేరే దారి. వాటికి 2020 నిబంధనలు. బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం వాటిలో కొన్నింటిని 2021లో ఒకసారి, 2023లో ఇంకోసారి కొట్టేసింది. రెండోసారి కొట్టేసింది ఎంపిక కమిటీ కూర్పుని. ముగ్గురిలో హైకోర్టు తరఫున ఒకరే, మిగతా ఇద్దరూ ప్రభుత్వం మనుషులు. రైల్వే మీద, కరెంటు డిస్కం మీద, ప్రభుత్వ బీమా కంపెనీ మీద ఫిర్యాదులు వినే మనిషిని ఎంచేది ప్రభుత్వం మెజారిటీ ఉన్న కమిటీ అన్నమాట. అది సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2025 మే 21న జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ ఎం.ఎం. సుందరేశ్ ఇచ్చిన తీర్పులో, కమిటీలో న్యాయవ్యవస్థదే మెజారిటీ ఉండాలన్నారు, పదవీకాలం ఐదేళ్ళు ఉండాలన్నారు, నాలుగు నెలల్లో కొత్త నిబంధనలు తెమ్మన్నారు. వినియోగదారుల తగాదాలకి శాశ్వత సిబ్బందితో, శాశ్వత న్యాయాధికారులతో ఒక స్థిరమైన కోర్టు పెట్టే వీలుందేమో చూడమని కూడా కేంద్రానికి చెప్పారు. ఆ తీర్పు మొత్తంలో నేను గట్టిగా పట్టుకునేది ఈ చివరి మాటనే.

రాజ్యాంగం 141వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు చెప్పిన న్యాయం దేశంలోని అన్ని కోర్టులకీ శిరోధార్యం. 144వ అధికరణం ప్రకారం అధికారులంతా దానికి తోడ్పడాలి. పదో తరగతి పిల్లలకి ఇది పాఠంగా చెప్తాను. ఒకే అంకె మీద, నాలుగా ఐదా అని, ఇన్నేళ్ళపాటు తీర్పు మీద తీర్పు రావలసి వచ్చిందంటే పిల్లలకి ఏమని చెప్పాలో నాకు తెలియడం లేదు.

నాలుగుకీ ఐదుకీ తేడా ఏమిటో మా వైపు ఒక ప్లీడరు గారు నాకు అర్థమయ్యేలా చెప్పారు. నలభై ఏళ్ళ ప్లీడరు ఒకాయన సభ్యుడిగా వెళ్ళాలంటే ప్రాక్టీసు మూసేయాలి. పార్టీలు వేరే ప్లీడర్ల దగ్గరికి పోతారు. మొదటి ఏడాది పని పట్టుబడటానికి, ఆఖరి ఏడాది తర్వాత ఏం చేయాలో వెతుక్కోవడానికి పోతాయి. మిగిలేది మధ్యలో రెండేళ్ళు. పైగా ఇంకో దఫా కావాలంటే మళ్ళీ ఎంపిక. తన కుర్చీ నిలవాలంటే ఎవరి సంతకం కావాలో తెలిసిన మనిషి, ఆ సంతకం పెట్టే శాఖ మీదే వచ్చిన ఫిర్యాదుని ఎంత నిబ్బరంగా వినగలడు? మనిషి మంచివాడే అయినా, ఓడినవాడికి అనుమానం ఉంటుంది. ఇక రిటైరైన జిల్లా జడ్జి సంగతి. 60 నిండి ఉద్యోగం దిగిన ఆయన్ని వెంటనే తీసుకుంటే ఐదేళ్ళు దక్కుతాయి. ప్రకటన, ఎంపిక, ఉత్తర్వు అని రెండేళ్ళు నానిస్తే మిగిలేది మూడేళ్ళే. కాగితం మీద ఐదని రాసినా, వయసు హద్దు అడ్డొచ్చి అసలు పదవీకాలాన్ని ఆలస్యమే తినేస్తుంది. అందుకని ఐదేళ్ళు ఇస్తే చాలదు, ఐదేళ్ళూ వాడుకునేలా సకాలంలో నియమించాలి.

"ఖాళీ రాకుండా ఉన్నవాళ్ళనే పొడిగిస్తే పోలేదా" అని మా స్టాఫ్ రూములో ఒక మాస్టారు వాదించారు. తొందర్లో అది నిజంగానే పనికొస్తుంది. గడువు తీరిన సభ్యుల్ని మధ్యంతర ఉత్తర్వులతో కోర్టులే కొనసాగించిన సందర్భాలున్నాయి. బెంచి ఖాళీగా ఉండటం కంటే అది మేలే. అయినా దాన్ని నేను పద్ధతిగా ఒప్పుకోలేను. మూడు నెలలకోసారి పొడిగింపు కోసం ఎదురుచూసే మనిషి పెద్ద కేసు చేతిలోకి తీసుకోవడానికి వెనకాడతాడు. వచ్చేవాళ్ళకి దారి మూసుకుపోతుంది. పొడిగిస్తున్నాం కదా అని ప్రభుత్వం ప్రకటన ఇవ్వడం మానేస్తుంది. నాకు సమ్మతమైన పొడిగింపు ఒకటే: కొత్తవాళ్ళు వచ్చి కూర్చునేదాకా పాతవాళ్ళు దిగరని నిబంధనలోనే ఉండాలి, దానికి ఆరు నెలలో ఏడాదో గట్టి హద్దు ఉండాలి, ఎవరూ ఎవర్నీ అడుక్కునే పని ఉండకూడదు. వాదనలు విని ఆర్డర్స్‌కి పెట్టిన కేసుల్లో తీర్పు చెప్పకుండా ఎవరూ కుర్చీ దిగకూడదు. మా కేసు ముక్క అక్కడే విరిగింది మరి.

ఈ కుర్చీలు రిటైరైన జడ్జీలకి పునరావాసం అయ్యాయన్న విమర్శలో నిజం ఉంది. దానికి మందు పదవీకాలం కోయడం కాదు, ఆ శాశ్వత కోర్టే. సర్వీసులో ఉన్న న్యాయాధికారి ఒకరు వెళ్తే ఇంకొకరు వస్తారు. అప్పుడు ఈ నాలుగూ ఐదూ గొడవే ఉండదు.

2021లోనే సుప్రీంకోర్టు ఈ ఖాళీలను తనంత తానుగా కేసుగా తీసుకుంది. ఆ విచారణలో జస్టిస్ ఎస్.కె. కౌల్, ప్రభుత్వానికి ట్రైబ్యునళ్ళు వద్దనుకుంటే చట్టాన్నే రద్దు చేసుకోమన్నంత మాట అన్నారు. ఖాళీలు నింపమని అడగడం కోర్టు పని కాకూడదని ఆయన బాధ. ఇప్పుడు ఫిర్యాదు ఇంట్లోంచే ఆన్‌లైన్లో వేయొచ్చు, వీడియోలో హాజరు కావొచ్చు. మంచిదే. అటువైపు తెర మీద వినే మనిషి ఉండాలి కదా.

మా కేసు 2022లో కొత్త బెంచి ముందు మొదటినుంచీ మళ్ళీ విన్నారు. విన్నవాళ్ళే తీర్పు చెప్పాలి, అది న్యాయమే. అదే రిపోర్టు, అవే ఫొటోలు, అదే తీర్పు కాపీ. బాబాయి సంచిని బల్ల మీద పరిచి ట్యాగు చూపించాడు. కొత్త ప్రెసిడెంటు గారు లేచి వంగి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఆ అంకెలు పైకి చదివారు. ఆ ఏడాది చివర్లో మాకు అనుకూలంగా ఆర్డరొచ్చింది. 3 నెలల్లో తేలాల్సింది మూడున్నరేళ్ళు పట్టింది. ఆ మూడున్నరేళ్ళూ కౌలు బాకీకి నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ నడిచింది. ఆర్డర్లో వేసిన వడ్డీ ఏడాదికి నూటికి తొమ్మిది.

కంపెనీ రాష్ట్ర కమిషన్‌కి అప్పీలుకి వెళ్ళింది. పాత చట్టం కింద వేసిన కేసు కాబట్టి అప్పీలు కోసం వాళ్ళు కట్టాల్సిన డిపాజిట్ 25 వేలు దాటలేదు. అది ఇంకా తేలలేదు. మొన్న ముక్కనుమ నాడు భోజనాల దగ్గర చెప్తే, బాబాయి కంచంలోంచి తలెత్తకుండా అడిగాడు. "ఆ పై కోర్టులో కూర్చున్నవాళ్ళు ఎప్పటిదాకా ఉంటారో కనుక్కున్నావా అమ్మాయ్?"

మర్నాడే సమాచార హక్కు దరఖాస్తు రాశాను. 10 రూపాయల ఫీజు, స్పీడ్ పోస్టు. వినియోగదారుల వ్యవహారాల శాఖని రెండే ప్రశ్నలు అడిగాను. రాష్ట్ర కమిషన్‌లో, మా వైపు జిల్లా కమిషన్లలో ఒక్కొక్కరి పదవీకాలం ఏ తేదీతో ముగుస్తుంది? ఆ ఖాళీకి ప్రకటన ఏ తేదీన ఇస్తారు? జవాబుకి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. పోస్టు రసీదు బాబాయికిచ్చాను. సంచి మడతల్లో పెట్టాడు.